వదిన ఎత్తిన చెయ్యి

మొన్న వార్డు ఎన్నికల ప్రచారం ఊపందుకున్న రోజుల్లో ఒక పొద్దున మా వాకిట్లోకి కండువాల గుంపు ఒకటి వచ్చింది. ముందు ఒక కుర్రజంట. మాట్లాడిందంతా భర్తే. "అక్కా, మీ చెల్లె నిలవడ్డది. గుర్తు మర్సిపోవద్దు. మోరీల సంగతి, నల్లాల సంగతి అంత నేను సూసుకుంట" అని గడగడా చెప్పాడు. ఆ చెల్లె పక్కనే చేతులు జోడించుకుని నిలబడింది. ఎంతసేపటి నుంచి అలా జోడించి ఉందోగానీ వేళ్లు ఒకదానికొకటి అతుక్కుపోయినట్టు కనిపించాయి. నా చేతిలో పెట్టిన కరపత్రంలో భర్త ఫోటో అరచేయంత ఉంది, అభ్యర్థి ఫోటో బొటనవేలంత ఉంది. గుంపు పక్కింటి వైపు కదిలాక ఆ అమ్మాయి ఒక్కతే వెనక్కి వచ్చి, "అక్కా, జరన్ని మంచినీళ్లిస్తరా? పొద్దుగాల నుంచి ఎవర్నడగాల్నో తెల్వలే" అంది. ఇచ్చిన నీళ్లు గుక్కతిప్పుకోకుండా తాగి, కొంగుతో మూతి తుడుచుకుని, మళ్లీ చేతులు జోడించుకుంటూ పరుగెత్తింది. ఖాళీ గ్లాసు పట్టుకుని నేను అక్కడే నిలబడిపోయాను. మా వదిన గుర్తొచ్చింది.

వదిన కథ చెప్పే ముందు మా ఊరి ఓట్ల సంగతి కొంచెం చెప్పాలి. మాది వనపర్తి. పార్లమెంటు లెక్కలో మా ఓట్లు నాగర్‌కర్నూలుకు పోతాయి, గద్వాల ఓట్లూ అక్కడికే పోతాయి. మూడు ఊళ్లకూ కలిపి ఒకే ఎంపీ. మా చిన్నప్పుడు పార్లమెంటు ఎన్నిక దూరపు చుట్టంలా వచ్చి పోయేది. బజారులో జీపు ఒకటి దుమ్ము లేపుకుంటూ వచ్చేది, దాని మీద పూలదండల్లో మునిగిన మనిషి ఒకాయన చెయ్యి ఊపేవాడు, "ఈయనేనా?" అని మా అమ్మ అడిగేలోగా జీపు మలుపు తిరిగేది. ఆ తర్వాత ఆయనను గోడల మీద చూడటమే. పోలింగు రోజున మా నాయన గడపలో నిలబడి ఇంట్లో ఆడవాళ్లకు గుర్తు చెప్పేవాడు. వాళ్లంతా గుంపుగా బడికి వెళ్లి, తువ్వాలంత పొడుగు కాగితం మీద ముద్ర గుద్ది, తడి అంటుకోకుండా మడిచి డబ్బాలో వేసి వచ్చేవారు. తర్వాత మిషన్లు వచ్చాయి. "కుయ్యిమన్నది, అంటే పడ్డట్టే" అని మా అమ్మ తృప్తిగా చెప్పేది. వదిన కొత్త కోడలిగా వచ్చిన ఏడాది, అప్పటికింకా కాగితాలే, పార్లమెంటు ఎన్నికే జరిగింది. ఓటేసి వచ్చాక, దేనికేశావని నేను గుచ్చి గుచ్చి అడిగితే, "మామ దేనికి చెప్పిండో దానికే. యేరే దానికి గూడ ఎయ్యొచ్చా?" అని నిజంగానే ఆశ్చర్యపోయింది. ఇంటిల్లిపాదీ నవ్వారు. మా వీధి ఎన్నికల చరిత్ర అంటే మగవాళ్లు చెప్పిన గుర్తుల చరిత్రే.

పార్లమెంటు దూరపు చుట్టమైతే, మున్సిపాలిటీ ఎన్నిక ఇంట్లో పెళ్లి. గెలిచినవాడు మన వీధివాడే, ఓడినవాడు మన వీధివాడే, తర్వాత ఐదేళ్లు ఇద్దరి ముఖాలూ పొద్దున్నే చూడాలి. మా అన్నకు ఆ పెళ్లిలో వరుడు కావాలని మహా కోరిక. బజారులో ఎరువుల దుకాణం ఉండేది. యూరియా బస్తా అడగడానికి వచ్చిన రైతును కూర్చోబెట్టి వార్డులో ఎవరు ఎటువైపు ఉన్నారో వివరించేవాడు. ఒకసారి నిలబడి ఓడిపోయాడు. రెండోసారి గెలుపు ఖాయమనుకుంటుండగా మా వార్డు మహిళకు కేటాయించారని కబురు వచ్చింది. ఆ సాయంత్రం అన్న చావింటి నుంచి వచ్చినవాడిలా వచ్చి అరుగు మీద కూలబడ్డాడు. వదిన లోపల చేటలో కందిపప్పు చెరుగుతోంది. అన్న చాలాసేపు గోడకేసి చూశాడు. తర్వాత గోడ మీంచి చూపు తిప్పి వదిన కేసి చూశాడు.

"రేపు నువ్వు నిలవడుతున్నవ్" అన్నాడు.

"యాడ?" అంది వదిన, చేట ఆపకుండానే.

ఇలా మొదలైంది ఆమె రాజకీయ జీవితం. వదినది గద్వాల అవతల గట్టు అనే ఊరి దగ్గర పల్లె. వానను నమ్ముకుని బతికే మెట్ట భూముల మధ్య పెరిగిన మనిషి కాబట్టి మాట తక్కువ, ఓపిక ఎక్కువ. పోస్టర్లలో అన్న పెద్దగా నవ్వుతూ, వదిన మూలన చిన్నగా బిత్తరపోతూ ఉన్నారు. కానీ ఇల్లిల్లూ తిరిగేటప్పుడు తేడా తెలిసిపోయింది. అన్న వాకిట్లో ఉపన్యాసం ఇస్తుంటే వదిన వంటింట్లోకి వెళ్లి కూర్చునేది. ఎవరింట్లో కోడలికి జ్వరం, ఎవరింటి ముందు మురుగు మోరీ పొంగుతోంది, ఎవరి నల్లాకు నీళ్లు సన్నగా వస్తున్నాయి, అన్నీ ఆమెకు ముందే తెలుసు. ఆడవాళ్లు ఆమెకే ఓటేశారు. అన్న మాత్రం తన ఉపన్యాసాలు పనిచేశాయని చివరిదాకా నమ్మాడు.

ఫలితాలు వచ్చాక అసలు తంటా మొదలైంది. రెండు పార్టీలకూ ఇంచుమించు సమానంగా సీట్లు వచ్చాయి. చైర్మన్‌ను కౌన్సిలర్లే చేతులెత్తి ఎన్నుకోవాలి. ఒక్క చెయ్యి అటూ ఇటూ అయితే పీఠం తారుమారు. దాంతో వదిన చెయ్యి ఒక్కసారిగా విలువైనదైపోయింది. డప్పుల మోత ఆగకముందే గెలిచినవాళ్లను క్యాంపుకు తీసుకుపోవడానికి బస్సు వచ్చి నిలబడింది. అవతలివాళ్లు మన మనుషులను లాక్కుపోకుండా, ఎన్నిక రోజు దాకా ఎక్కడో దూరంగా దాచిపెట్టడాన్ని క్యాంపు అంటారు. మిగతా ఆడ కౌన్సిలర్లు మొగుళ్లతో బయలుదేరారు. అన్నకు దుకాణంలో సీజను, కదలడానికి లేదు. "పిల్లొస్తే నేను పోత" అంది వదిన. పిల్ల అంటే నేను. అప్పటికే నాకు నలభై దాటాయి, అయినా ఆమెకు నేను పిల్లనే. మా కాపురం అన్నవాళ్ల వీధిలోనే. మా ఆయన కరెంటు ఆఫీసు డ్యూటీలో, పిల్లలు హాస్టల్లో ఉండటంతో నాకు అడ్డం చెప్పేవాళ్లు లేరు. ఆడబిడ్డను తోడు తెచ్చుకున్న కౌన్సిలర్ వదిన ఒక్కతే.

ఎక్కే ముందు వదిన ఒక్క మాట అడిగింది. కూతురు మొదటి కాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది, నెలలు నిండాయి. "ఎన్నడు తోల్కొస్తరు?" అని అడిగింది. క్యాంపు పెత్తనమంతా చైర్మన్ కావాలనుకుంటున్న పెద్దమనిషి బావమరిది చేతిలో ఉండేది. ఆయనను అందరూ బావమరిది అనే పిలిచేవారు, పాపం ఆయన భార్య కూడా అలాగే పిలుస్తుందేమోనని నాకు అనుమానం. "ఫికర్ జెయ్యకు వదినమ్మా. దేవుని దర్శనానికి పోయినట్టు పోయి వద్దాం" అన్నాడాయన. బస్సు గద్వాల దాటింది, రాయచూరు దాటింది. దేవుడు మాత్రం రాలేదు.

చివరికి పొలాల మధ్య పెళ్లిళ్ల కోసం కట్టిన పెద్ద బంగళా ముందు ఆగింది. చుట్టూ ఎత్తయిన గోడ, ఇనుప గేటు, గేటు దగ్గర ఇద్దరు మనుషులు. లోపల పచ్చగడ్డి, నీలం నీళ్ల ఈతకొలను, గోడల నిండా ప్లాస్టిక్ పూలు. దిగగానే ఫోన్లన్నీ చార్జింగ్ పెడతామని తీసుకున్నారు. అన్ని రోజులు చార్జింగ్ ఎక్కే ఫోన్లను నేను ఎక్కడా చూడలేదు. తిండికి లోటు లేదు. పూటకో రకం కూర, అడగకుండానే పాయసం. కానీ గేటు వైపు నాలుగడుగులు వేస్తే చాలు, "యాడికమ్మా? ఏం గావాలె? మేం తెస్తం గద" అని ఎవరో ఒకరు ఎదురొచ్చేవారు. మొదటి రోజు అది మర్యాద అనుకున్నాం. రెండో రోజుకు అర్థమైంది.

మగవాళ్లు పేకాటలో పడ్డారు. ఆడవాళ్లకు ఏం చేయాలో తోచేది కాదు. పుట్టి బుద్ధెరిగాక ఖాళీగా ఉండని చేతులు కదా, వాటికి పని లేకపోతే రోగమొచ్చినట్టు ఉండేది. ఒకామె కడిగిన పళ్లేలనే మళ్లీ కడిగింది. ఇంకొకామె గడ్డిలో కలుపు కోసం వెతికింది. కొలను గట్టున వరసగా కూర్చుని అందరం పాదాలు నీళ్లలో పెట్టేవాళ్లం, దిగిన మనిషి లేదు. మాతో ఒక ముస్లిం కౌన్సిలర్ ఉండేది, గాజుల దుకాణం వాళ్ల ఇంటావిడ. మేమంతా ఆపా, అంటే అక్కా, అనేవాళ్లం. నమాజుకు ముందు ఆమె కిటికీలోంచి ఎండను చూసి పడమర ఎటో తేల్చుకునేది. ఒకనాడు నమాజు చాప మడుస్తూ నాతో అంది: "మా ఇంట్ల పంజరంల రామచిలక ఉన్నది బహెన్. పోయినంక ఇడిసిపెడ్త." ఆమె నవ్వుతూనే అంది, నాకు నవ్వు రాలేదు.

వదిన మాత్రం రోజూ పొద్దున బావమరిది దగ్గరికి వెళ్లి "నా బిడ్డతోని ఒక్కపాలి మాట్లాడియ్యి" అని అడిగేది. రేపు, రేపు అనేవాడు. చివరికి ఒక మధ్యాహ్నం తన ఫోన్‌లో అన్నకు కలిపి, అందరికీ వినబడేలా స్పీకర్ పెట్టాడు. ఎవరితోనైనా అంతే, రహస్యంగా మాట్లాడకూడదు. బిడ్డ ఎట్లుందని వదిన అడిగింది. అన్న కాస్త నసిగి, "బాగనే ఉన్నది. గద్వాలకు తోలిచ్చిన" అన్నాడు.

"గద్వాలకా? అత్తగారింటికా?"

"నువ్వు లేకపాయె. ఇంట్ల ఎవరు జూసుకుంటరు? వియ్యపురాలు రమ్మన్నది. బీపీ ఎక్కువున్నదని నిన్న దవాఖానల జేర్పిచ్చిండ్రు. పరేషాన్ గావొద్దు."

అంతలోనే బావమరిది ఫోన్ తీసుకుని, "మంచి డాక్టర్లుంటరు వదినమ్మా" అని జేబులో పెట్టుకున్నాడు. వదిన కదల్లేదు. మొదటి కాన్పుకు పుట్టింటికి తెచ్చుకున్న బిడ్డను నొప్పులు రాకముందే అత్తగారింటికి పంపించాల్సి రావడం కంటే ఆమెకు పెద్ద అవమానం లేదు. అంతకంటే ఎక్కువ, భయం. వదినకు కూడా మొదటి కాన్పులో బీపీ పెరిగి ప్రాణం మీదికి వచ్చింది. అది మా ఇంట్లో అందరికీ తెలుసు, అన్నకు తప్ప. ఆయన ఆ రోజు కర్నూలులో విత్తనాల కోసం ఉన్నాడు.

"నన్ను తోల్కపోయి సూపిచ్చి తీసుకరా. నీకు పుణ్యముంటది" అంది వదిన.

"అవతలోళ్లు కాసుకోని ఉన్నరు వదినమ్మా. నువ్వు గేటు దాటినవంటే ఎత్తుకపోతరు. రెండు మూడు పొద్దులు ఓర్సుకో. చెయ్యెత్తినంక నేనే కార్ల దింపుత."

"అది అప్పటిదాంక ఆగుతదా?"

బావమరిది జేబులో ఫోన్ తడుముకుంటూ పక్కకు తిరిగాడు. చెడ్డవాడేం కాదు, ఆయనకూ ఆడపిల్లలు ఉన్నారు. కానీ ఆయన మెడ మీద కూడా ఎవరి చెయ్యో ఉంది. వదిన ఆ పూట అన్నం ముట్టలేదు. గదిలో మంచం మీద కూర్చుని కిటికీ చువ్వలు పట్టుకుని బయటికి చూస్తూ ఉండిపోయింది. నేనేదో ధైర్యం చెప్పబోతే, "ఊకో పిల్లా" అంది. ఆ కిటికీలోంచి కనిపించేది ఒక్క బస్సే, మమ్మల్ని తెచ్చింది. మూలన వేపచెట్టు కింద నిలిపి ఉంది.

మరునాడు పొద్దున టిఫిన్ల దగ్గర వదిన కనిపించలేదు. అంతా కంగారుగా వెతికారు. గేటు మనుషులు ఎవరూ బయటికి పోలేదని ఒట్టేశారు. చివరికి నేనే చూశాను, ఆమె బస్సులో ఉంది. డ్రైవరు వెనక మొదటి సీటులో, ఒళ్లో సంచి పెట్టుకుని, ప్రయాణానికి సిద్ధమైన మనిషిలా నిటారుగా కూర్చుంది. బావమరిది ఉరికాడు.

"ఏంది వదినమ్మా ఇది? దిగు."

"నేను యాడికి పోతలేను గద" అంది వదిన, గొంతు పెంచకుండా. "గేటు దాటలే. నీ బస్సులనే కూసున్న. నువ్వెప్పుడు తోల్తే అప్పుడే పోత."

ఆయన బతిమాలాడు, గదమాయించాడు, మళ్లీ బతిమాలాడు. ఆమె చెయ్యి పట్టుకుని దింపడానికి లేదు. ఆ చెయ్యే కదా కావలసింది. ఎండ ఎక్కింది, బస్సు రేకు కాలుతోంది. నేను ఎక్కి పక్కన కూర్చున్నాను. కొంచెంసేపటికి బుర్ఖా సర్దుకుంటూ ఆపా ఎక్కింది, చేతిలో నీళ్ల సీసా. "నాకు బంగళాల ఫ్యాను గాలి పడ్తలేదు" అంది బావమరిదితో, బస్సులో ఫ్యానే లేదు. తర్వాత పళ్లేలు కడిగే ఆమె వచ్చింది. మధ్యాహ్నానికి ఆడవాళ్లంతా బస్సులో ఉన్నారు. ఎవరూ నినాదాలు ఇవ్వలేదు, ఏమీ అడగలేదు. చెమటలు కక్కుకుంటూ కొంగులతో విసురుకుంటూ కూర్చున్నాం, అంతే. పేకాట ఆగిపోయింది. మొగుళ్లు బస్సు చుట్టూ తిరుగుతూ ఒక్కొక్క కిటికీ దగ్గర ఒక్కొక్కరు గుసగుసగా కోప్పడుతుంటే, ఊరేగింపు ముందు పెళ్లిబస్సులా ఉంది ఆ దృశ్యం. ఆ రోజు సాయంత్రం దాకా బావమరిది ఎవరెవరికో ఫోన్లు చేశాడు. పొద్దు వాలుతుండగా వచ్చి, "కారు పెట్టిన. సూసి మళ్లీ రావాలె. నా మనుషులు ఇద్దరు వస్తరు. దేవుని మీద ఒట్టెయ్యి" అన్నాడు.

"ఒట్టెందుకు? గుర్తు మీద గెలిసిన. గుర్తుకే ఎత్తుత" అంది వదిన. దిగబోయి, వెనక్కి తిరిగి బస్సులో ఆడవాళ్లందరికీ ఒకసారి దండం పెట్టింది. ప్రచారంలో పెట్టిన వందల దండాల్లో నేను అలాంటిది చూడలేదు.

గద్వాల దవాఖానకు చేరేసరికి బాగా చీకటి పడింది. కాన్పుల వార్డు గుమ్మం దగ్గరే ఆయా మా వెంట వచ్చిన ఇద్దరినీ ఆపేసింది. "మొగోళ్లు లోపలికి రావద్దు" అంది. ఎన్ని రోజులకో మమ్మల్ని ఎవరూ వెంబడించని చోటికి వచ్చాం. లోపల వియ్యపురాలు ఎదురొచ్చి వదినను పట్టుకుని ఏడ్చేసింది. పొద్దున ఆపరేషన్ చేశారు, కూతురికి ఫిట్స్ వచ్చాయి, ఇప్పుడిప్పుడే కళ్లు తెరుస్తోంది. పక్కన గుడ్డల్లో చుట్టిన ఆడపిల్ల. వదిన మనవరాలిని చూడకుండా ముందు కూతురి దగ్గరికి వెళ్లి నుదుటి మీద చెయ్యి పెట్టింది. "అమ్మా, ఎప్పుడొచ్చినవే?" అని ఆ పిల్ల నీరసంగా అడిగింది. అన్ని రోజులూ గోడల మధ్య ఒక్క కన్నీటి చుక్క రాల్చని మనిషి, కూతురి మంచం పట్టెను పట్టుకుని కిందికి జారిపోయింది.

కాసేపటికి ఆయా వచ్చి, బయట ఎవరో పిలుస్తున్నారని చెప్పింది. వరండాలో అన్న ఉన్నాడు, ఆయన పక్కన అవతలి పార్టీ పెద్దమనిషి. బావమరిది భయపడింది నిజమే, వాళ్లు నిజంగానే కాసుకుని ఉన్నారు. కానీ కాపలా కాయించింది మా అన్నే అని మాకు తెలియదు.

"వైస్ చైర్మన్ నీకే ఇస్తరంట" అన్నాడు అన్న, ముఖం వెలిగిపోతుండగా. "మాట అయిపోయింది. ఈ కారెక్కు, మన పని అయిపోతది."

"మీ పార్టీ విప్పు గిప్పు అంటే ఆ సంగతి మేం జూసుకుంటం చెల్లె" అన్నాడు పక్కనున్న పెద్దమనిషి.

మా వెంట వచ్చిన ఇద్దరూ ఇది విని దూసుకొచ్చారు. నలుగురు మగవాళ్లు వదినను మధ్యలో పెట్టుకుని కేకలు వేసుకున్నారు. ఒకరు అటు కారు అంటారు, ఒకరు ఇటు కారు అంటారు. గోడ అవతల ఆమె బిడ్డ చావు తప్పించుకుని పడుకుని ఉందన్న సంగతి వాళ్లలో ఒక్కరికీ గుర్తు లేదు. వదిన మాత్రం అన్న ముఖంలోకే చూస్తోంది.

"బిడ్డకు ఫిట్స్ వచ్చినయంట. నీకు తెల్సునా?" అని అడిగింది.

"ఇప్పుడు బాగనే ఉన్నది గద" అన్నాడు అన్న.

ఆ మాటతో ఏదో తెగిపోయిందని నాకు అనిపించింది. వదిన నలుగురినీ ఒకసారి చూసి, "నేను ఆ కారెక్క, ఈ కారెక్క. నా బిడ్డ లేసి కూసునేదాంక ఈడనే ఉంట. చెయ్యెత్తే దినం ఆర్టీసీ బస్సుకు వస్త. ఎత్తేది ఎవరికో ఇంతకుముందే చెప్పిన" అని చెప్పి లోపలికి వెళ్లిపోయింది. వెనకే నేనూ వెళ్లాక ఆయా తలుపు వేసింది. తలుపు అవతల అన్న నా పేరు పెట్టి పిలిచాడు. నేను వెళ్లి వదిన పక్కన కూర్చున్నాను.

తర్వాతి రోజులు ఆ వార్డులోనే గడిచాయి. గేటు బయట కుడివైపు ఒక కారు, ఎడమవైపు ఒక కారు. వదిన గుడ్డలు ఉతకడానికి నల్లా దగ్గరికి వస్తే రెండు కార్ల తలుపులూ ఒకేసారి తెరుచుకునేవి. బంగళాలో గోడలు ఎత్తుగా ఉండేవి, ఇక్కడ గేటు పగలూ రాత్రీ తెరిచే ఉండేది, అయినా ఎటూ కదలడానికి లేదు. వియ్యపురాలు రెండు కార్లవాళ్లకూ టీ పంపించేది. "మన చుట్టాలే అనుకుందాం, యేం జేస్తం" అనేది. మనవరాలికి స్నానం పోసేటప్పుడు మాత్రం వదిన ముఖం వేరుగా ఉండేది. కాళ్లు చాపి, పసిదాన్ని వాటి మీద పడుకోబెట్టి, నూనె రాస్తూ గట్టు వైపు పాటేదో గొంతులోనే పాడేది.

ఎన్నిక రోజు పొద్దున్నే గద్వాల బస్టాండులో వనపర్తి పల్లెవెలుగు ఎక్కాం. మా వెనక రెండు కార్లు. బస్సు ప్రతి స్టేజీలోనూ ఆగింది, కార్లూ ఆగాయి. బీచుపల్లి వంతెన మీద కృష్ణమ్మను చూసి వదిన దండం పెట్టుకుంది. పెబ్బేరులో పల్లీల గంపలు ఎక్కించడానికి చాలాసేపు పట్టింది. ఒక కారులో మనిషి దిగి కండక్టరును తొందరపెట్టబోతే, "నీకు అర్జంటుంటే నీ కార్ల పో" అని ఆయన కసిరాడు. వదిన కిటికీ వైపు తిరిగి నవ్వుకుంది. అన్ని రోజుల్లో ఆమె నవ్వడం అదే మొదలు.

మున్సిపాలిటీ ఆఫీసు గేటు దగ్గర పోలీసులు నన్ను ఆపేశారు. ఆమె ఒక్కతే మెట్లెక్కి వెళ్లింది. లోపల ఏం జరిగిందో తర్వాత ఆపా చెప్పింది. అవతలి పార్టీ అభ్యర్థి పేరు అధికారి చదవగానే ఆ పెద్దమనిషి వదిన వైపు చూసి తల ఊపాడట. ఆమె వాళ్ల వంతులో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తను గెలిచిన గుర్తు వంతు రాగానే, పెద్దగా ఎత్తకుండా, భుజం దాకా, బడిలో పిల్ల ఎత్తినట్టు ఎత్తింది. దాంతో పీఠం తేలిపోయింది. కింద బాణాసంచా పేలింది. బావమరిది పూలదండ పట్టుకుని పరుగెత్తుకొచ్చేసరికి ఆమె నా చెయ్యి పట్టుకుని వీధి మలుపు దాటేసింది. "నడువు పిల్లా, మధ్యానం గద్వాల బస్సు ఉన్నది. దానికి మందులేసే టైమైతది" అంది.

ఆ చేతితో ఏదో మారిపోయిందని చెప్పాలని నాకూ ఉంది. చాలా తక్కువ మారింది. చైర్మన్ కుర్చీ ఎక్కిన పెద్దమనిషి, గోడ దూకిన మనిషి అని వదినను అనుమానంగానే చూశాడు. ఇచ్చిన మాట పోయిందని అన్న ఆమెతో మాట్లాడటం మానేశాడు. ఒకే ఇంట్లో ఉంటూ, నేను వాళ్లింటికి వెళ్తే, "ఉప్పెక్కువైందని చెప్పు" అని నాతో కబురు పెట్టేవాడు. వార్డులో బోర్డు మీద ఆమె పేరు ఉండేది, దాని కింద కుర్చీలో అన్న కూర్చునేవాడు. సమావేశాలకు మాత్రం వదినే వెళ్లేది. మిగతా ఆడవాళ్ల మొగుళ్లు కిటికీల దగ్గర నిలబడి సైగలు చేస్తుంటే, ఆమె కిటికీకి వీపు పెట్టి కూర్చునేదని ఆపా చెప్పేది. పొంగే మోరీ గురించి అడిగి అడిగి, పదవి ముగిసే ముందు ఏడాది దాని మీద బండలు వేయించింది. తర్వాత వార్డు రిజర్వేషన్ మారింది. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు, ఆమె కూడా ఏమీ అడగలేదు. ఆపా మాత్రం ఇంటికి పోగానే నిజంగానే పంజరం తలుపు తీసిందట. చిలక బయటికి వచ్చి, ఇల్లంతా తిరిగి, మళ్లీ వెళ్లి లోపల కూర్చుందట.

ఇప్పుడు అన్న మంచంలో ఉన్నాడు. పక్షవాతంతో కుడి భాగం పడిపోయింది, మాట సగం పోయింది. ఆ సగం మాటతోనే రోజంతా వదినను పిలుస్తాడు. ఆమె కనబడకపోతే చిన్నపిల్లాడిలా బెంగపడతాడు. కాబట్టి ఆమె గడప దాటడం లేదు. కోపం పోయిందా వదినా అని ఒకసారి అడిగితే, "కోపం జేసుకునేటందుకు గూడ టైము గావాలె పిల్లా" అంది. గద్వాలలో మనవరాలి ఎత్తు నా భుజం దాటింది, సెలవులకు వచ్చి తాతకు చెంచాతో జావ తాగిస్తుంది. తను పుట్టిన రోజుల్లో ఏం జరిగిందో దానికి ఎవరూ చెప్పలేదు. ఇది చదివితే తెలుస్తుందేమో.

మొన్న పోలింగు రోజున, నేను అన్న దగ్గర కూర్చుంటాను వెళ్లి రమ్మని పట్టుబడితే గానీ వదిన బయలుదేరలేదు. బడి మా వీధి చివరే. ఎంతకీ రాలేదు. ఎండ వాకిట్లోంచి అరుగెక్కింది, అన్న పిలుపులు ఎక్కువయ్యాయి, నాకు కంగారు మొదలైంది. చివరికి మెల్లగా నడుచుకుంటూ వచ్చింది.

"లైను పెద్దగున్నదా వదినా?"

"లేదు. జల్దినే అయిపోయింది."

"మరి ఇంతసేపు?"

"బడి అరుగు మీద నీడ చల్లగుండె" అంది కాళ్లు కడుక్కుంటూ. "ఊకె కూసున్న."

అని లోపలికి వెళ్లి, "వచ్చిన, వచ్చిన" అంటూ అన్నను పక్కకు తిప్పింది. కౌన్సిలరుకు కాలం ఐదేళ్లని రాసిపెట్టారు, ఎంపీకీ ఐదేళ్లే. ఒక మనిషికి తనకోసమని మిగిలే కాలం ఎంతో ఎక్కడా రాసి లేదు, అది ఎవరూ పిలవని ఒక నీడలో కాసేపు దొరుకుతుంది, దొరికిందని తెలిసేలోగా అయిపోతుంది.